నూర్ ఇనాయత్ ఖాన్‌కూ, యుద్ధకాలంలో పనిచేసిన మన ఆడవాళ్లకూ ఈ నగరంలో చోటివ్వండి: అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్

పాఠ్యపుస్తకాలు, నగర స్మారకాలు, గ్రంథాలయాలు, సైనిక కుటుంబాల సంక్షేమం చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ఈ నగరంలో ప్రభుత్వ బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. నాతో పనిచేసిన కొందరు టీచర్లు, మా బస్తీలోని కొన్ని కుటుంబాలు, నేను కలిసి మీలో కొందరికి అర్జీ పెట్టుకున్నాం. యుద్ధకాలంలో పనిచేసిన స్త్రీలను ఈ నగరం గుర్తుపెట్టుకోవాలని, ఆ పని నూర్ ఇనాయత్ ఖాన్ పేరుతో మొదలుపెట్టాలని అందులో అడిగాం. అర్జీ తీసుకున్నారు, స్టాంపు వేసి నకలు చేతికిచ్చారు. ఆ తర్వాత అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లింది. ఒకచోట "మా పరిధిలోకి రాదు" అన్నారు. ఇంకోచోట "పైనుంచి ఆర్డర్ రావాలి" అన్నారు. కాగితం మీద అవుననీ రాయలేదు, కాదనీ రాయలేదు. నోటిమాటగా మాత్రం మూడు అభ్యంతరాలు చెప్పారు. ఆవిడ మన ఊరి మనిషి కాదు. ఆవిడ పనిచేసింది బ్రిటిష్ వాళ్ల కోసం. ఇప్పుడా పేరు ఎత్తితే అనవసరమైన గొడవ.

లోపల చెప్పిన ఆ మాటలకు జవాబు అందరి ముందూ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఆవిడ ఎవరో చెప్పనివ్వండి. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియని పాఠకుల కోసం రాస్తున్నాను.

నూరున్నీసా ఇనాయత్ ఖాన్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. తల్లి ఓరా రే బేకర్ అమెరికన్, పెళ్లయ్యాక అమీనా బేగం అయింది. తండ్రి వైపు నుంచి టిప్పు సుల్తాన్ వంశం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడే కుటుంబం లండన్ చేరింది. 1920లో ఫ్రాన్స్‌కు మారి, చివరికి పారిస్ పక్కనే ఉన్న సురెన్ అనే ఊళ్లో ఫజల్ మంజిల్ అనే ఇంట్లో స్థిరపడింది. 1927లో తండ్రి ఢిల్లీలో చనిపోయాడు. తల్లి దుఃఖంతో గది దాటలేని స్థితిలో ఉంటే, పదమూడేళ్ల నూర్ ఇద్దరు తమ్ముళ్లనూ చెల్లెలినీ చూసుకుంది. సోర్బాన్‌లో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివింది, సంగీతం నేర్చుకుంది, పిల్లల కోసం కథలు రాసింది. ఆమె తిరగరాసిన ఇరవై జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, 1939లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి.

మరుసటి ఏడాది జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి వచ్చింది. కుటుంబం బోర్డో మీదుగా పడవెక్కి ఇంగ్లండ్ చేరింది. అహింస నేర్పిన సూఫీ ఇల్లు అది. అయినా నూర్, తమ్ముడు విలాయత్ ఇద్దరూ నాజీల ముందు ఊరుకోకూడదని నిర్ణయించుకున్నారు. 1940 నవంబరు 19న ఆమె బ్రిటన్ మహిళా సహాయక వాయుసేనలో అందరికంటే కింది ర్యాంకులో చేరి వైర్‌లెస్ ఆపరేటర్‌గా శిక్షణ తీసుకుంది. ఫ్రెంచ్ మాతృభాషలా మాట్లాడుతుంది, వైర్‌లెస్ పని వచ్చు. ఈ రెండూ చూసి 1943 మొదట్లో, శత్రువు ఆక్రమించిన దేశాల్లోకి ఏజెంట్లను పంపే బ్రిటిష్ రహస్య విభాగం ఆమెను తీసుకుంది. శిక్షకుల్లో కొందరు ఈమె ఈ పనికి సరిపోదని రాశారు. ఆ రాతలు ఈరోజుకీ ఆమె ఫైల్లో ఉన్నాయి.

1943 జూన్ 16 రాత్రి చిన్న లైసాండర్ విమానంలో ఫ్రాన్స్‌లో దిగింది. అక్కడికి వెళ్లిన మొదటి మహిళా రేడియో ఆపరేటర్ ఆమె. రహస్య పేరు 'మదలీన్'. దిగిన పది రోజుల్లోపే ఆమె కలవాల్సిన 'ప్రాస్పర్' దళం నాయకుడు దొరికిపోయాడు. ఆయనతో పాటు వరసగా చాలామంది పట్టుబడ్డారు. లండన్ ఆమెను వెనక్కి వచ్చేయమంది. తాను వచ్చేస్తే పారిస్ నుంచి సందేశాలు పంపే మనిషే ఉండదని ఆమె రానంది.

ఆ పని ఎలా ఉండేదో మా పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఇక్కడ ఆగేదాన్ని. ట్రాన్స్‌మిటర్ ఒక సూట్‌కేసులో ఉంటుంది, దాదాపు పదిహేను కిలోలు. ఏరియల్ తీగ పొడుగ్గా బయట కట్టాలి. జర్మన్ల వ్యాన్లు సిగ్నల్ పట్టుకుని వీధి వీధీ తిరుగుతుంటాయి కాబట్టి ఒకచోట కాసేపటికంటే ఎక్కువ పంపడానికి లేదు. పంపగానే సామాను సర్దుకుని ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. అలాంటి ఆపరేటర్లు ఆరు వారాలు దొరక్కుండా ఉంటే గొప్ప అని అప్పట్లో లెక్క. ఆమె జుట్టు రంగు మార్చుకుంటూ, ఇళ్లు మార్చుకుంటూ దాదాపు నాలుగు నెలలు నిలబడింది. అక్టోబరు మధ్యలో ఒకరు డబ్బు తీసుకుని ఆమె ఆచూకీ చెప్పారు.

పారిస్‌లో అవెన్యూ ఫోష్, 84వ నంబరు భవనంలో ఆమెను ప్రశ్నించారు. రెండుసార్లు తప్పించుకోబోయింది. రెండోసారి ఇద్దరు తోటి ఖైదీలతో కలిసి పైకప్పు ఎక్కింది. ఇక పారిపోనని మాటివ్వమంటే ఇవ్వలేదు. 1943 నవంబరులో జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలుకు పంపి, గొలుసులు వేసి ఒంటరి గదిలో పెట్టారు. పది నెలలు ఆ గొలుసులతోనే ఉంది. తాను ఎవరో తోటి ఖైదీలకు తెలియడానికి తిండి గిన్నె అడుగున నోరా బేకర్ అనే తన మారుపేరు, లండన్‌లోని 4 టావిటన్ స్ట్రీట్ చిరునామా గీకింది. 1944 సెప్టెంబరు 13న డాకౌ నిర్బంధ శిబిరంలో ఆమెనూ మరో ముగ్గురు మహిళా ఏజెంట్లనూ కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు ముప్పై. యుద్ధం తర్వాత జరిగిన విచారణలో, ఆమె తమకేమీ చెప్పలేదని పారిస్‌లోని జర్మన్ అధికారి కీఫరే ఒప్పుకున్నాడు.

ఫ్రాన్స్ ఆమెకు క్వా ద గేర్ అనే యుద్ధ పతకం ఇచ్చింది. బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది. సురెన్‌లో ఒక కూడలికి 'మదలీన్' పేరు పెట్టారు. 2012లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో ఆమె విగ్రహం వెలిసింది, 2014లో తపాలా బిళ్ల వచ్చింది. 2020 ఆగస్టులో 4 టావిటన్ స్ట్రీట్ ఇంటి గోడకు, ప్రముఖులు ఉన్న ఇళ్లకు పెట్టే నీలి ఫలకం పెట్టారు. గిన్నె అడుగున ఆమె గీకిన చిరునామా అదే. భారత సంతతి స్త్రీకి లండన్‌లో అలాంటి ఫలకం పెట్టడం అదే మొదటిసారి.

ఇక మీరు చెప్పిన అభ్యంతరాల సంగతి.

ఆవిడ మన ఊరి మనిషి కాదన్నారు. నూర్ ఈ ఊరు చూడలేదు, నిజమే. కానీ ఆమె తండ్రిని సూఫీగా మలిచింది ఈ ఊరే. ఇనాయత్ ఖాన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వీణ పట్టుకుని హైదరాబాద్ వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దర్బారులో పాడాడు. నిజాం ఆయన్ను తాన్‌సేన్ అని పిలిచి బిరుదిచ్చాడు. ఇనాయత్ ఖాన్‌కు దీక్ష ఇచ్చిన గురువు, చిష్తీ సూఫీ పరంపరకు చెందిన సయ్యద్ మహమ్మద్ అబూ హాషిమ్ మదనీ ఇక్కడే ఉండేవాడు. నీ సంగీతంతో తూర్పునూ పడమరనూ కలపమని గురువు చెప్పిన మాట మీదే తాను విదేశాలకు వెళ్లానని ఇనాయత్ ఖాన్ చెప్పుకున్నాడు. ఆయన దేశం వదిలింది 1910 సెప్టెంబరు 13న. ముప్పై నాలుగేళ్ల తర్వాత అదే తేదీన కూతురు డాకౌలో చనిపోయింది. హైదరాబాద్‌లో ఒక గురువు చెప్పిన మాట లేకపోతే ఆ ప్రయాణమే లేదు. మాస్కోలో పుట్టుక లేదు, పారిస్‌లో ఆ ఇల్లూ లేదు. ఇంతకంటే ఏ సంబంధం చూపించమంటారు?

ఇంకో మాట. లండన్ ఆమె పుట్టిన ఊరు కాదు, పారిస్ కూడా కాదు. వాళ్లు ఆమెను తమ మనిషి అనుకున్నారు, అంతే.

రెండో అభ్యంతరం, బ్రిటిష్ వాళ్ల కోసం పనిచేసిందని. దీనికి మన నగర చరిత్రలోనే జవాబుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఆ పేరు వచ్చింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉండేది. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్ విమానాలతో పోరాడిన స్పిట్‌ఫైర్లు దానివి. 253వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చింది కూడా మన నిజామే. ఆ కథలను మన ఊరి ఘనతగా సభల్లో చెబుతారు. అప్పుడు బ్రిటిష్ వాళ్ల కోసమన్న మాట ఎవరికీ గుర్తు రాదు. 1940లోనే అదే వాయుసేన యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి విషయంలో మాత్రమే ఎందుకు గుర్తొస్తోంది? ఖజానాలోంచి డబ్బిచ్చిన రాజుకు చరిత్రలో చోటుండి, ప్రాణమిచ్చిన ఆడపిల్లకు లేకపోవడం న్యాయమా?

పైగా ఆమె సామ్రాజ్యం కోసం చావలేదు. తనను ఎంపిక చేసే బోర్డు ముందే, యుద్ధం అయ్యాక భారత స్వాతంత్ర్యం వైపే నిలబడతానని చెప్పిన మనిషి. ఆ యుద్ధంలో ఇరవై అయిదు లక్షల మంది భారతీయులు పనిచేశారు. వాళ్ల పిల్లలు, మనవలు మన మధ్యే ఉన్నారు. వాళ్లందరినీ బ్రిటిష్ వాళ్ల మనుషులని పక్కన పెట్టేద్దామా?

మూడోది, గొడవ అవుతుందన్నారు. ఎవరికి గొడవ? సూఫీ ఇంట్లో పుట్టి, బుద్ధుడి జాతక కథలు పిల్లలకు రాసి, యూదులను చంపుతున్న ప్రభుత్వానికి ఎదురు తిరిగిన మనిషి ఆమె. ఈ కథ మా క్లాసులో చెప్పినప్పుడు అన్ని మతాల పిల్లలూ ఒకేలా కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. ఏ తల్లీ తండ్రీ వచ్చి అడగలేదు. గొడవ అవుతుందన్న భయం ఆఫీసు గదుల్లోనే చూశాను, బస్తీలో చూడలేదు.

ఆమె చేసిన ఒక పొరపాటు కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని దాచమని మేం అడగడం లేదు. పంపిన సందేశాల నకళ్లు ఆమె ఒక నోటుపుస్తకంలో ఉంచుకుంది. అది జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు ఆమె పేరుతో లండన్‌కు దొంగ సందేశాలు పంపారు. లండన్ అధికారులు అనుమానించాల్సిన చోట అనుమానించలేదు. ఆ తర్వాత దిగిన కొందరు ఏజెంట్లు నేరుగా శత్రువు చేతిలో పడి చనిపోయారు. పిల్లలకు ఇది కూడా చెప్పాలి. తప్పులే చేయని దేవతను చూపిస్తే ఏ ఆడపిల్లా నమ్మదు.

ఇప్పుడు నూర్ నుంచి మా వీధికి వస్తాను. అసలు మేం ఈ అర్జీ పెట్టడానికి కారణం అక్కడుంది.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది, అందరం పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. చాలా ఏళ్ల క్రితమే పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె భారత మహిళా సహాయక దళంలో పనిచేసింది. అప్పటి సైన్యంలో స్త్రీల కోసం 1942లో పెట్టిన దళం అది. యుద్ధం చివరికి అందులో దాదాపు పదకొండున్నర వేల మంది ఉండేవాళ్లు. టైపిస్టులు, టెలిఫోన్ ఆపరేటర్లు, డ్రైవర్లు, రహస్య సంకేతాలు రాసేవాళ్లు, ఇలా ఎన్నో పనులు. 1944లో దాని నుంచే నౌకాదళ విభాగం వచ్చింది. 1947లో దళాన్ని ఎత్తేశారు. మళ్లీ 1992 దాకా నర్సులుగా, డాక్టర్లుగా తప్ప ఆడవాళ్లకు సైన్యంలోకి దారి లేదు. పెద్దమ్మ ఒక మిలిటరీ ఆఫీసులో స్విచ్‌బోర్డు మీద రాత్రి డ్యూటీలు చేసింది. ఇంట్లో ఎదురుచెప్పి మరీ వెళ్లిందట. తిరిగొచ్చాక పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఆ సంగతి ఎక్కడా అనొద్దని పెద్దవాళ్లు నోరు కట్టేశారు. యూనిఫాంలో తీయించుకున్న ఒక ఫోటో, దళం నుంచి వచ్చిన ఒక ఉత్తరం మాత్రం ట్రంకు పెట్టెలో మిగిలాయి.

ఆమె కూతురికి ఇప్పుడు డెబ్బై దాటింది. భర్త లేడు, మోకాళ్ల నొప్పి. తల్లి సర్వీసుకు ఏదైనా గుర్తింపు ఉంటుందా, ఏదైనా సాయానికి దారి ఉందా అని ఒక ఆఫీసుకు వెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. డిశ్చార్జి కాగితం ఉందా అన్నారు. లేదంది. సర్వీసు నంబరు తెలుసా అన్నారు. తెలియదంది. ఫోటో చూపిస్తే, "అప్పట్లో ఆడవాళ్లు మిలిటరీలో ఎక్కడున్నారమ్మా, ఇది నాటకంలో వేషం అయ్యుంటుంది" అన్నాడు అక్కడి గుమస్తా. ఆయన దురుసుగా అనలేదు. నిజంగా ఆయనకు తెలియదు. పెద్దమ్మ కూతురు ఏమీ మాట్లాడకుండా ఫోటో చీరకొంగులో చుట్టుకుని బయటికొచ్చింది. తర్వాత ఇక ఏ ఆఫీసుకూ రానంది.

లండన్ జాతీయ ఆర్కైవ్స్‌లో నూర్ సర్వీసు ఫైలు ఉంది. ఆమెను తక్కువ చేసి రాసిన రిపోర్టుతో సహా ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు. పెద్దమ్మ ఫైలు ఎక్కడుందో ఆమె కన్నకూతురికి చెప్పే మనిషి ఈ నగరంలో మాకు దొరకలేదు.

మీరు ఊరుకోవడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఏమిటో కింద రాస్తున్నాను.

1. యుద్ధకాలంలో పనిచేసిన ఆడవాళ్ల కాగితాలు పోతున్నాయి. ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు, అపార్ట్‌మెంట్ కట్టడానికి పాత ఇల్లు కూల్చినప్పుడు, ట్రంకు పెట్టెలు పాత సామాన్ల వాళ్లకు వెళ్తున్నాయి. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి, మల్కాజిగిరి చుట్టుపక్కల తరతరాలుగా సైన్యంతో బతికిన కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో మిలిటరీ నర్సులుగా, టైపిస్టులుగా చేసిన నాయనమ్మల, అమ్మమ్మల ఉత్తరాలు, బ్యాడ్జీలు ఉండే అవకాశం ఎంతో ఉంది. వాటికి విలువుందని చెప్పేవాళ్లు లేక పారేస్తున్నారు. ఏటేటా పోయేది తిరిగి రాదు. మాకు అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది ఇదే.

2. హక్కు ఉందో లేదో కూడా తెలియకుండా కుటుంబాలు వెనక్కి వెళ్తున్నాయి. అర్హత లేకపోతే లేదని చెప్పండి, అర్థం చేసుకుంటాం. కానీ తల్లి పనిచేసిన దళం ఒకటుండేదని కూడా కౌంటర్లో ఉన్న మనిషికి తెలియకపోతే, అర్హత సంగతి తేలేదెప్పుడు? ఇలాంటి చోట మగవాడి కొడుకు "మా నాన్న మిలిటరీ" అంటే ఎవరూ నవ్వరు. కూతురు "మా అమ్మ మిలిటరీ" అంటే ఫోటోను నాటకం అంటున్నారు.

3. ఆడపిల్లలు చదివే యుద్ధం పాఠంలో ఆడవాళ్లు లేరు. నేను పాఠం చెప్పినన్నాళ్లూ రెండో ప్రపంచ యుద్ధం అంటే నాయకుల పేర్లు, ఒప్పందాలు, తేదీలు. ఆడవాళ్లు వస్తే బాధితులుగానే వచ్చేవాళ్లు. 2016 జూన్‌లో దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ కమిషన్ అందుకున్నది మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే. 2025 మేలో జాతీయ రక్షణ అకాడమీ నుంచి మొదటి మహిళా క్యాడెట్లు బయటికొచ్చారు. దారి తెరుచుకుంది. కానీ మా బస్తీలో ఎన్‌సీసీలో చేరతానన్న పిల్లకు ఇంట్లో ఇప్పటికీ వచ్చే జవాబు, "మిలిటరీలో ఆడపిల్లకేం పని?" అని. ఎనభై ఏళ్ల క్రితమే చేశారని చూపించడానికి ఆ పిల్ల చేతిలో ఒక పేజీ అయినా ఉండాలి కదా.

4. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలకు కలిపి చెప్పుకునే కథలు తగ్గిపోతున్నాయి. నూర్ కథలో హైదరాబాద్ సూఫీ గురువు ఉన్నాడు, బౌద్ధ జాతకాలున్నాయి. ఆ జాతక కథలనే మన అమరావతి, నాగార్జునకొండ శిల్పులు రాళ్ల మీద చెక్కారు. ఇది రెండు మీడియంల పిల్లలకూ సొంత కథే.

ఇవీ మా డిమాండ్లు. వీటిలో దేనికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

1. యుద్ధకాలంలో పనిచేసిన స్త్రీల జాబితా మొదలుపెట్టండి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పుట్టిన, ఇక్కడ పనిచేసిన, ఇక్కడ స్థిరపడిన వాళ్లందరి పేర్లూ రాయండి: మహిళా సహాయక దళం వాళ్లు, మిలిటరీ నర్సులు, ఆ తర్వాతి యుద్ధాల్లో ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లు. ఒకే ఆఫీసుకు ఈ బాధ్యత అప్పగించండి. డిశ్చార్జి కాగితం లేదని గుమ్మం దగ్గరే తిప్పి పంపకండి. ఫోటో, ఉత్తరం, బ్యాడ్జీ, తోటివాళ్ల వాంగ్మూలం, ఏది ఉంటే అది తీసుకుని నకలు చేసుకుని అసలు తిరిగివ్వండి. అక్కడి నుంచి కేంద్ర రికార్డు కార్యాలయాలకు రాసి సర్వీసు వివరాలు తెప్పించే పని ఆ ఆఫీసే చేయాలి. డెబ్బై ఏళ్ల కూతురిని ఆ రాతకోతల కోసం తిప్పకూడదు. మా మొదటి కోరిక ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

2. సైనిక కుటుంబాల అర్జీలు తీసుకునే సిబ్బందికి ఈ దళాల గురించి ఒక పేజీ సమాచారం ఇవ్వండి. 1888లోనే బ్రిటిష్ మిలిటరీ నర్సులు ఈ దేశానికి వచ్చారని, 1926లో భారత మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఏర్పడిందని, 1942లో మహిళా సహాయక దళం పెట్టారని తెలిసిన గుమస్తా ఇంకెవరి తల్లి ఫోటోనూ నాటకం అనడు.

3. ఇనాయత్ ఖాన్ హైదరాబాద్ జీవితంతో ముడిపడిన ఒక చోటును చరిత్రకారుల చేత తేల్చి, అక్కడ తండ్రీ కూతుళ్ల పేరుతో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో ఒక ఫలకం పెట్టండి. విగ్రహం అడగడం లేదు. చదివి ఆగేలా నాలుగు వాక్యాలుంటే చాలు. ఆ చోటు దర్గాకు సంబంధించినదైతే అక్కడి పెద్దలను అడిగి, వాళ్ల ఒప్పుదలతోనే చేయండి.

4. హైస్కూల్ సాంఘిక శాస్త్రంలో రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో నూర్ గురించీ, భారత మహిళా సహాయక దళం గురించీ రెండు పేజీలు చేర్చండి. నోటుపుస్తకం సంగతితో సహా రాయండి. పాఠం రాసేటప్పుడు బడుల్లో పనిచేస్తున్న టీచర్లను కూర్చోబెట్టండి.

5. నూర్ రాసిన జాతక కథలను తెలుగులోకీ ఉర్దూలోకీ తెచ్చి గ్రంథాలయాలకు, బడులకు పంపండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక అరవై ఏళ్లకు హక్కు ముగుస్తుంది. ఆమె 1944లో చనిపోయింది కాబట్టి 2005 నుంచీ ఆ కథలకు రాయల్టీ కట్టాల్సిన అవసరం లేదు. పాత పుస్తకంలోని బొమ్మలు వాడకుండా మన బడి పిల్లలతోనే కొత్త బొమ్మలు వేయించవచ్చు. మొదటి కథలో కోతుల రాజు తన ఒంటినే వంతెనగా పరిచి, మంద మొత్తాన్నీ దాటిస్తాడు. ఆ కథ రాసిన నాలుగేళ్లకు ఆమె ఏం చేసిందో టీచరు చెబితే, పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు. అనువాదం మేం జీతం లేకుండా చేసిపెడతాం. తెలుగుకూ ఉర్దూకూ మనుషులున్నారు.

6. మా పాత అర్జీకి రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏది మీ పరిధిలో ఉంది, ఏది లేదు, లేకపోతే ఎవరి పరిధి, ఈ మూడూ స్పష్టంగా రాయండి. కాదంటే కారణం రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మా అర్జీ ఏ బల్ల మీద ఉందో అడుగుతాం, వచ్చిన జవాబును ఇలాగే అందరి ముందూ పెడతాం.

నగర ప్రజలకు కూడా ఒక విన్నపం. అధికారులు కదిలేదాకా ఆగకండి. మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త ఎవరైనా యుద్ధకాలంలో నర్సుగా, టైపిస్టుగా, ఆపరేటర్‌గా పనిచేసి ఉంటే ఈ ఆదివారం పెట్టె తెరవండి. ఫోటో వెనక పేరు, ఊరు, ఏడాది పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందువైపుకు దిగుతుంది. ఉత్తరాలను ఫోన్‌తో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల మాటలు రికార్డు చేయండి. రేపు జాబితా మొదలైన రోజున ముందుగా మీరే వెళ్లి ఇవ్వవచ్చు.

పెద్దమ్మ కూతురు మళ్లీ ఏ ఆఫీసుకూ రానన్నా, ఈ లేఖ కింద మాత్రం మాతో పాటు సంతకం చేసింది. స్టాంపు వేసిన పాత అర్జీ నకలు, ఆమె తల్లి ఫోటో నకలు దీనికి జతచేసి మీ ఆఫీసులకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సాంఘిక శాస్త్రం టీచర్,
అర్జీ మీద సంతకం చేసిన టీచర్లు, బస్తీ కుటుంబాల తరఫున
హైదరాబాద్